కారణం అనే గడి

గుంటూరు కార్పొరేషన్‌లో నా కిటికీకి ఏడు ఊచలు.
ఆరోది కాస్త వంగి ఉంటుంది.
దాన్నే పట్టుకుని నిలబడతారు అందరూ,
పుట్టినవాళ్ల తాలూకూ, పోయినవాళ్ల తాలూకూ.
కిటికీ ఒకటే. వరసలే వేరు.

యోహాను ఆ రోజు రెండు వరసలకీ మధ్యన నిలబడ్డాడు.
మిర్చి యార్డు హమాలీ.
దగ్గరికి రాగానే నేను తుమ్మాను,
నా వెనక ఫ్యాను కింద సుబ్బాయమ్మగారు తుమ్మారు.
"ఏమనుకోకండి" అన్నాడు, తప్పంతా తనదే అయినట్టు.

పెద్దాసుపత్రి కాగితాలు రెండు లోపలికి తోశాడు.
కట్టా దయామణి, ఇరవై మూడేళ్లు.
బేబీ ఆఫ్ దయామణి, నాలుగు గంటలు.

దయామణి కాగితంలో కారణం గడి నిండే ఉంది:
గుండె, ఊపిరి ఆగిపోవుట.
పద్దెనిమిదేళ్లుగా ఎక్కిస్తున్నాను ఈ మాటని.
తొంభై ఏళ్ల పెద్దాయనకీ ఇదే,
లారీ కింద పడ్డ కుర్రాడికీ ఇదే.
అవి ఆగకుండా ఎవరు పోయారు గనక?
దీపం ఎందుకు ఆరిందయ్యా అంటే
వెలుగు పోయింది కాబట్టి, అన్నట్టు.

గడి అరంగుళం.
అందులో పట్టనివి:
తొడిమలు తీస్తూ గొంతుక్కూర్చున్న మూడు వేసవులు,
ఆశా వర్కర్ మస్తాన్‌బీ కింది రెప్ప లాగి చూసి
"సున్నం కొట్టినట్టుందే పిల్లా" అన్న పొద్దు
(ఊరు ఊరంతా ఎరుపే,
యార్డులో, ఏటుకూరు రోడ్డు లారీల మీద,
గాలిలో, మా తుమ్ముల్లో.
ఆ రెప్ప కింద తప్ప),
వాంతవుతోందని బియ్యం డబ్బాలో దాచేసిన ఐరన్ బిళ్లలు,
మూడు వంతెనల కింద
మోకాటి లోతు వాననీళ్లలో ఆగిపోయిన ఆటో,
"దాతల్ని తెచ్చుకోండి" అన్న చీటీ.
అది పట్టుకుని అతను యార్డుకే పరుగెత్తాడు.
నెత్తురు అడగడానికి తెలిసిన చోటు అదొక్కటే.
ముగ్గురొచ్చారు బస్తాలు దించి.
ఒకడికి కలిసింది. అప్పటికి

అప్పటికి, అని రాయడానికీ గడి లేదు.

నెలాఖరుకి ఇవన్నీ పట్టికై పైకి పోతాయి.
లక్షకి ఇందరు తల్లులు, వెయ్యికి ఇందరు పిల్లలు అని
ఎక్కడో ఎవరో తేలుస్తారు.
తేల్చాలి కూడా, కాదనను.
కిటికీ దగ్గర మాత్రం ఎప్పుడూ ఒక్కడే ఉంటాడు.

చిక్కు బిడ్డ దగ్గరొచ్చింది.
చావు ఎక్కాలంటే ముందు పుట్టుక ఎక్కాలి.
పుట్టనివాళ్లు పోవడానికి కంప్యూటరు ఒప్పుకోదు.
"ఆ వరసలో నిలబడి మళ్లీ ఇటు రావాలాండి?"
వద్దు, ఇక్కడే ఉండమన్నాను.
అతని వెనక మిఠాయి పొట్లంతో ఉన్నావిడ
పొట్లాన్ని కొంగు కిందికి జరుపుకుంది.

వేళ: తెల్లవారుజాము రెండూ పది.
స్త్రీ. పదిహేడు వందల గ్రాములు.
పేరు?
అలవాటులో అడిగేసి నాలుక కరుచుకున్నాను.
ఏడాదిలోపు ఎప్పుడైనా రాయించుకోవచ్చు, అనబోయాను.
ఏడాది అన్నది గొంతులోనే ఉండిపోయింది.

"పెట్టిందండి. కడుపులో ఉండగానే.
రోజుకో దానిమ్మకాయ తినమంది మస్తాన్‌బీ అక్క,
రక్తం పడుద్దని.
కాయ యాభై. కూలి పడ్డ వారం ఒకటి తెచ్చేవాణ్ణి.
గింజలు లెక్కెట్టుకుని తినేది, ఆరు రోజులొచ్చేట్టు.
తిన్నప్పుడల్లా లోపల కదిలేదంట.
దానిమ్మా, దానిమ్మా అని పిలిచేది.
మనిషి పేరులానే ఉంది గదండీ?"

ఉందన్నాను.
కట్టా దానిమ్మ, అని కొట్టాను.
కళ్లు తుడుచుకుంటుంటే
మిర్చి ఘాటనుకుని సుబ్బాయమ్మగారు
ఫ్యాను ఒక గీత పెంచారు.

పుట్టుక పత్రం ముందొచ్చింది, వేడిగా.
రెండు చేతులా అందుకున్నాడు.
రెండోదానికి కాగితం ఇరుక్కుని ప్రింటరు మూలిగింది.
నేను తొందరపడలేదు.
ఆ కాసేపూ
ఊళ్లో ఒక ఆడపిల్ల ఉంది.